'హాన్' – 'చలువ': చైనా సంప్రదాయ వైద్యంలో శీతలౌషధాల సురక్షిత వినియోగం

వ్యాససంగ్రహం

చైనా సంప్రదాయ వైద్యంలో ఉష్ణాన్ని హరించే ఔషధాలను తెలుగులోకి తెచ్చేటప్పుడు 'చలువచేసే మూలికలు' అని అనువదించడం పరిపాటి. తెలుగులో 'చలువ' మేలును మాత్రమే సూచించే మాట. చైనా వైద్యగ్రంథాలలోని 'హాన్' అటువంటిది కాదు. అది ఔషధగుణానికీ, రోగకారణానికీ ఒకే పేరు. ఈ భేదాన్ని ఆధారంగా చేసుకొని శీతలౌషధాల వినియోగంలో ప్రాచీన గ్రంథాలు విధించిన నిషేధాలనూ, ఆ నిషేధాలకు అందక ఆధునిక కాలంలో బయటపడిన ముప్పులనూ వివరించడం ఈ వ్యాసోద్దేశం.

కీలకపదాలు: చైనా సంప్రదాయ వైద్యం, హాన్, ల్యాంగ్, చలువ, శీతలౌషధాలు, షాంగ్‌హాన్‌లున్, ముతోంగ్, నేలవేము, అనువాదం.

1. ఉపోద్ఘాతం

తెలుగువారికి 'వేడి', 'చలువ' అన్నవి వైద్యశాస్త్ర పరిభాషగా కాక వంటింటి మాటలుగానే పరిచయం. మామిడిపండు వేడి, మజ్జిగ చలువ. నోరు పూస్తే వేడిచేసిందంటాం, సబ్జాగింజలు నానబెట్టి తాగుతాం. చైనాలో, ముఖ్యంగా దక్షిణాన గ్వాంగ్‌డోంగ్ ప్రాంతంలో, ఇటువంటి మాటే 'షాంగ్‌హువొ'. అగ్ని పైకెగయడం అని దాని అర్థం. నోటిపూత, గొంతునొప్పి, మొటిమలు, మలబద్ధకం కనిపిస్తే అక్కడివారూ 'షాంగ్‌హువొ' అనే అంటారు. ఈ పోలిక చూడగానే చైనా మూలికావైద్యంలోని శీతలౌషధాలు మనకు తెలిసినవేననీ, మజ్జిగ వలె నిరపాయమైనవేననీ అనిపించడం సహజం. ఆరోగ్య వ్యాసాల అనువాదాలలో ఈ భావన తరచు కనిపిస్తుంది. పదాన్ని పరిశీలిస్తే ఇది ఎంతవరకు నిలుస్తుందో తెలుస్తుంది.

2. 'హాన్' అన్న పదం పరిధి

చైనా ఔషధశాస్త్రంలో ప్రతి ద్రవ్యానికీ ఒక 'ఛీ', అంటే స్వభావం ఉంటుంది. 'షెన్‌నోంగ్ బెన్‌త్సావ్‌జింగ్' 365 ద్రవ్యాలను వర్గీకరిస్తూ నాలుగు స్వభావాలను పేర్కొంది: హాన్ (శీతం), రె (ఉష్ణం), వెన్ (నులివెచ్చదనం), ల్యాంగ్ (చల్లదనం). ఉష్ణరోగానికి శీతలౌషధం, శీతరోగానికి ఉష్ణౌషధం అన్న మూలసూత్రం ఆ గ్రంథంలోనిదే. ఆయుర్వేదంలోని శీతవీర్య, ఉష్ణవీర్య విభాగంతో దీనికి పోలిక ఉంది. అయితే చైనా పద్ధతిలో తీవ్రతాభేదానికి విడి పదాలు ఉండటం గమనింపదగినది. ల్యాంగ్ మృదువైనది, హాన్ తీవ్రమైనది. పుదీనా ల్యాంగ్, జిప్సం హాన్.

'హాన్' అన్న అక్షరం ఔషధగుణానికే పరిమితం కాదు. చైనా పంచాంగంలో ఏడాదిలోకెల్లా గడ్డకట్టే చలిరోజుల పేర్లు 'షియావ్‌హాన్', 'దాహాన్'. మనసు విరిగిపోవడాన్ని చెప్పే 'హాన్‌షిన్' లోనూ, పేదరికాన్ని సూచించే 'పిన్‌హాన్' లోనూ ఉన్నది ఇదే అక్షరం. అన్నిటికంటె ముఖ్యంగా, సుమారు క్రీ.శ. 200 ప్రాంతంలో ఝాంగ్ ఝోంగ్‌జింగ్ రచించిన ప్రసిద్ధ గ్రంథం పేరు 'షాంగ్‌హాన్‌లున్'. 'హాన్ వలన కలిగే హానిని గూర్చిన చర్చ' అని దాని అర్థం. రోగాన్ని కలిగించేది 'హాన్', మరొక రోగాన్ని పోగొట్టేదీ 'హాన్'. ఈ పదాన్ని చదివే చైనా వైద్యునికి మందు, ముప్పు రెండూ ఒకే అక్షరంలో కనిపిస్తాయి.

తెలుగు ఇందుకు భిన్నంగా ఆ రెండింటినీ వేరుపరచింది. ముప్పు కలిగించేది 'చలి', 'శీతం'. చలిజ్వరం వస్తుంది, పడిశం పడుతుంది, కాలుచేతులు 'చల్లబడితే' ఇంటిల్లిపాదీ భయపడతారు. 'చలువ' మాత్రం పూర్తిగా మేలు పక్షాన నిలిచిన మాట. చలువపందిరి, చలువరాయి, కంటికి చలువ. చివరకు 'మీ చలువ వల్ల' అన్నప్పుడు ఆ మాట అనుగ్రహమనే అర్థాన్నే పొందింది. అనుగ్రహానికి మోతాదు ఉండదు. కాబట్టి 'హాన్' గుణం గల ఔషధాన్ని 'చలువచేసేది' అని అనువదించిన క్షణంలోనే మూలంలో ఉన్న హెచ్చరిక రాలిపోతుంది. 'ల్యాంగ్'కు 'చలువ' చక్కగా సరిపోతుంది. 'హాన్'కు 'శీతం' అన్న మాటనే వాడటం మేలని నా అభిప్రాయం. ఈ వ్యాసంలో 'శీతలౌషధం' అన్న పదాన్ని ఆ అర్థంలోనే వాడుతున్నాను.

3. ఏ ఉష్ణానికి ఏ శీతం?

ప్రస్తుత చైనా పాఠ్యగ్రంథాలు ఉష్ణహర ఔషధాలను ఐదు తరగతులుగా విభజిస్తున్నాయి. తీవ్రజ్వరాన్నీ దాహాన్నీ అణచేవి (జిప్సం, ఝిము, గార్డీనియా కాయ), తేమతో కూడిన ఉష్ణాన్ని ఆర్చేవి (హువాంగ్‌లియన్, హువాంగ్‌చిన్, హువాంగ్‌బాయ్), విషహరాలు (జిన్‌యిన్‌హువా, ల్యెన్‌చియావ్), రక్తాన్ని చల్లబరచేవి (షెంగ్‌దీ, ముదాన్‌పి), క్షీణత వలన పుట్టిన ఉష్ణాన్ని తగ్గించేవి (ఛింగ్‌హావ్, దిగుపి). ఒక తరగతిలోని మందు మరొక తరగతి రోగానికి పనిచేయకపోవడమే కాదు, కీడు చేయవచ్చు కూడా.

ఇక్కడ ఐదవ తరగతి కీలకం. తీవ్రజ్వరం, విపరీతమైన దాహం, పొంగే నాడి, పచ్చని పూతగల నాలుక కనిపిస్తే అది అధికోష్ణం. సాయంత్రం వేళ వచ్చే సన్నని జ్వరం, అరచేతులు అరికాళ్ల మంట, రాత్రి చెమటలు, పూతలేని ఎర్రని నాలుక, సన్నగా వేగంగా కొట్టుకొనే నాడి కనిపిస్తే అది యిన్ క్షీణించడం వలన పుట్టిన ఉష్ణం. నూనె తగ్గిన దీపం ఎగసి మండినట్టని చెప్పుకోవచ్చు. అక్కడ కావలసింది నూనె పోయడం. హువాంగ్‌లియన్ వంటి చేదు ద్రవ్యాలకు ఎండగట్టే స్వభావం ఉంది కనుక వాటిని ఇస్తే ఉన్న కాస్త యిన్ కూడా ఇంకిపోతుందని శాస్త్రం చెబుతుంది. మన వాడుకలో రెండు అవస్థలకూ 'వేడి' అన్న ఒక్క మాటే ఉంది.

వీటికంటె ప్రమాదకరమైనది మూడవ స్థితి. లోపల శీతం ముదిరి, మిగిలిన కొద్ది యాంగ్ పైకి తేలిపోయినప్పుడు రోగి ముఖం ఎర్రబడుతుంది, ఒళ్లు చలిని అయిష్టపడదు. కాని కాలుచేతులు చల్లబడి, నాడి అందీ అందకుండా ఉంటుంది. దీన్ని 'నిజశీతం, మిథ్యోష్ణం' అంటారు. షాంగ్‌హాన్‌లున్ ఈ దశకు శొంఠి, వత్సనాభి జాతి మూలంతో కూడిన కషాయాన్ని విధించింది. ఎర్రని ముఖాన్ని మాత్రమే చూసి శీతలౌషధం ఇస్తే ప్రాణానికే ముప్పు. ఈనాడు అటువంటి లక్షణాలున్న రోగిని ఏ వైద్యవిధానం వారైనా తక్షణం ఆసుపత్రికే పంపవలసి ఉంటుంది.

4. 'పి-వెయ్' రక్షణ: గ్రంథస్థ నిషేధాలు

చైనా వైద్యంలో 'పి', 'వెయ్' అన్నవాటిని ప్లీహం, ఉదరం అని అనువదిస్తున్నా, అవి శస్త్రవైద్యులు చూసే అవయవాలకంటె విస్తృతమైనవి. ఆహారాన్ని పచనం చేసి శక్తిగా మార్చే వ్యవస్థ అంతా వాటి పరిధిలోనిదే. ఈ వ్యవస్థ వెచ్చదనంతో పనిచేస్తుంది. శీతలౌషధం ఏ రోగానికి ఇచ్చినా మొదట దిగేది ఈ పొయ్యిమీదికే. అందువల్ల ఆకలి తగ్గడం, పొట్టనొప్పి, పలుచని విరేచనాలు శీతలౌషధం అతిగా వాడినందుకు తొలి సూచనలు.

షాంగ్‌హాన్‌లున్ లో గార్డీనియా కషాయాలను వివరించిన చోట ఝాంగ్ ఝోంగ్‌జింగ్ ఒక చిన్న నిషేధం పెట్టాడు. రోగికి అంతకుముందు నుంచే విరేచనం కాస్త పలుచగా అవుతూ ఉంటే ఆ కషాయం ఇవ్వరాదు. జ్వరం ఉన్నదా, లేదా అని కాక, జ్వరం రాకముందు ఆ మనిషి ఎట్లా ఉన్నాడని అడిగే నియమమిది. ఔషధభద్రత విషయంలో నాకు తెలిసిన ప్రాచీన వాక్యాలలో ఇది ఎంతో విలువైనది.

అదే గ్రంథంలోని 'బాయ్‌హు' (తెల్లపులి) కషాయం మరొక ఉదాహరణ. ఇందులో ప్రధానద్రవ్యం జిప్సం. దానికి ఝిము, అతిమధురం, బియ్యం తోడవుతాయి. బియ్యం ఉడికేవరకు కాచి, వడగట్టి తాగించాలి. అంత తీవ్రమైన శీతం కడుపులో పడకముందే దానికి గంజిమెత్త పరచడం ఈ కూర్పులోని మెలకువ. ఇంత జాగ్రత్త తీసుకొన్నా, చెమటపట్టక రోగం ఇంకా శరీరపు పైపొరలోనే ఉన్న దశలో ఈ కషాయం ఇవ్వరాదని అదే గ్రంథం శాసిస్తున్నది. పైపొరలోని రోగాన్ని శీతంతో బిగిస్తే అది లోపలికి దిగుతుందని వారి భావన.

ఔషధ సంస్కారంలోనూ ఈ చింత కనిపిస్తుంది. హువాంగ్‌లియన్‌ను మద్యంతో వేయిస్తే దాని ప్రభావం పైభాగానికి చేరుతుందనీ, అల్లంరసంతో వేయిస్తే కడుపును తక్కువగా బాధిస్తుందనీ చెబుతారు. 'జువొజిన్' మాత్రలలో ఆరుపాళ్ల హువాంగ్‌లియన్‌కు ఒకపాలు ఉష్ణద్రవ్యమైన వుఝుయు కలుపుతారు. మోతాదులు కూడా ద్రవ్యాన్ని బట్టి ఎంతగానో మారుతాయి. చైనా ఫార్మకోపియా ప్రకారం జిప్సం 15–60 గ్రాములు, జిన్‌యిన్‌హువా 6–15 గ్రాములు. హువాంగ్‌లియన్ 2–5 గ్రాములే. 'ఒక చెంచా మూలిక' అన్న సలహా ఈ మూడింటికీ ఒకేలా వర్తించదు. 1798 నాటికి 'వెన్‌బింగ్ త్యావ్‌బియెన్' రచించిన వూ జుతోంగ్, తన 'యిన్‌చియావ్' చూర్ణాన్ని పరిమళం బాగా లేచేవరకే కాచాలనీ, ఎక్కువ మరిగించరాదనీ విధించాడు. జిప్సంను అందుకు విరుద్ధంగా ముందుగానే వేసి కాచాలి. తెలుగులో రేవలచిన్ని అని పిలిచే దాహువాంగ్‌ను విరేచనకారిగా వాడదలచితే చివరలో వేయాలి. ఎక్కువసేపు కాస్తే దాని విరేచనశక్తి తగ్గుతుంది. (ఆ తెలుగు పేరులోనే 'చీనీ' దాగి ఉంది, పారసీకుల 'రేవంద్-చీనీ' నుంచి వచ్చిన మాట అది.) గర్భిణులకు, బహిష్టు సమయంలో, పాలిచ్చే తల్లులకు దీనిని జాగ్రత్తతో వాడాలని ఫార్మకోపియా హెచ్చరిస్తుంది.

5. ఒక పాత వివాదం

శీతలౌషధాల అతివాడకాన్ని గురించిన ఆందోళన ఆధునికులది మాత్రమే కాదు. 12వ శతాబ్దిలో ల్యూ వాన్‌సు అధికరోగాలకు మూలం అగ్నియేనని వాదించి శీతలౌషధాలకు ప్రాధాన్యమిచ్చాడు. ఆయన సంప్రదాయాన్ని 'హాన్‌ల్యాంగ్' శాఖ అనే పిలుస్తారు. యుద్ధాలు, ఆకలి, శ్రమలతో కృశించిన ప్రజలకు వైద్యం చేసిన లీ దోంగ్‌యువాన్ (1180–1251) మరొక దిక్కు చూశాడు. 'పి-వెయ్' దెబ్బతినడం వలన కూడా జ్వరం పుట్టగలదనీ, దానికి మధురమైన, వెచ్చని ఔషధాలే శరణ్యమనీ ప్రతిపాదించాడు. జ్వరానికి వెచ్చని మందు! తెలుగు పాఠకుడికి ఇది వింతగా తోచవచ్చు. తరువాత 14వ శతాబ్దిలో ఝు దాన్‌షీ యిన్‌ను పోషించాలన్నాడు. మింగ్ కాలపు ఝాంగ్ జింగ్‌యువె (1563–1640) ల్యూ, ఝుల అనుయాయులు శీతలౌషధాలతో రోగుల యాంగ్‌ను నాశనం చేస్తున్నారని తీవ్రంగా విమర్శించాడు.

ఈ వివాదంలో ఎవరిది పైచేయి అన్నది అంత ముఖ్యం కాదు. చైనా వైద్యమంటే ఏకకంఠంతో పలికే ఒకే ప్రాచీన విజ్ఞానమనీ, అందులో ఫలానా మూలిక 'చలువ' అన్నది నిర్వివాదమనీ రాసే వ్యాసాలకు ఈ చరిత్రలో ఆధారం దొరకదు. ఎప్పుడు శీతలౌషధం ఇవ్వరాదన్న ప్రశ్న మీదనే శాఖలు ఏర్పడ్డాయి.

6. గ్రంథాలకు అందని ముప్పు: ముతోంగ్ ఉదంతం

ప్రాచీన నియమాలన్నీ పాటించినా తప్పని ప్రమాదాలు ఉన్నాయి. వాటిలో ప్రధానమైనది పేరు తెచ్చిన ప్రమాదం కావడం భాషావిద్యార్థులు గమనింపదగ్గది.

'లోంగ్‌దాన్ షియెగాన్' మాత్రలు కాలేయానికి సంబంధించిన అధికోష్ణాన్ని తగ్గించే చేదు శీతలౌషధం. చిరాకు, చెవిహోరు, కళ్లెర్రబడటం వంటి వాటికి, అంటే జనం 'షాంగ్‌హువొ' అనుకొనే లక్షణాలకు, చాలామంది సొంతంగా కొని దీర్ఘకాలం వాడారు. ఇందులో ముతోంగ్ ఒక ద్రవ్యం. ఆ పేరుతో మూడు వేరువేరు కుటుంబాల తీగలు బజారులో ఉండేవి. అకేబియా తీగ అసలైన ముతోంగ్. క్లెమాటిస్ జాతిది చువాన్‌ముతోంగ్. ఈశాన్యప్రాంతం నుంచి వచ్చే గ్వాన్‌ముతోంగ్ అరిస్టలోకియా జాతిది. కాలక్రమంలో అకేబియా స్థానాన్ని గ్వాన్‌ముతోంగ్ ఆక్రమించింది. అందులోని అరిస్టలోకిక్ ఆమ్లం మూత్రపిండాలను కోలుకోలేనంతగా దెబ్బతీస్తుంది, మూత్రనాళాల క్యాన్సర్‌కు కారణమవుతుంది. 2003లో చైనా ప్రభుత్వం గ్వాన్‌ముతోంగ్ ప్రమాణాన్ని రద్దుచేసి, ఆ మాత్రలలో అకేబియా ముతోంగ్‌నే వాడాలని ఆదేశించింది. అప్పటికే ఎందరో మూత్రపిండ రోగులయ్యారు.

దాదాపు పదేళ్లకు ముందు బెల్జియంలో ఇటువంటిదే జరిగింది. బరువు తగ్గడానికి బ్రస్సెల్స్‌లో ఇచ్చిన గుళికలలో ఫాంగ్‌జి (స్టెఫానియా) బదులు పేరు దగ్గరగా ఉన్న గ్వాంగ్‌ఫాంగ్‌జి (అరిస్టలోకియా) చేరింది. యువతులలో మూత్రపిండాలు వేగంగా విఫలం కావడాన్ని గమనించిన వైద్యులు 1993లో దానిని ప్రకటించారు. ఒక్క అక్షరం తేడా! మన ప్రాంతాల్లో పాముకాటుకు వాడుతూ వచ్చిన ఈశ్వరి తీగ (అరిస్టలోకియా ఇండికా) కూడా ఈ జాతిదే. అందులోనూ ఈ ఆమ్లం ఉంది.

చేదు శీతలౌషధాలను దీర్ఘకాలం వాడరాదన్న పాత నియమాన్ని పాటించి ఉంటే నష్టం కొంత తగ్గేదేమో గాని, పూర్తిగా తప్పేది కాదు. మూత్రపిండంలో నిశ్శబ్దంగా జరిగే హానిని నాడీపరీక్ష పసిగట్టలేకపోయింది. సంప్రదాయ వైద్య నియమాలను గౌరవించడమంటే వాటి పరిమితులను దాచడం కాదు.

7. మరికొన్ని సందర్భాలు

దక్షిణ చైనా కుటుంబాలలో నవజాత శిశువుకు 'గర్భవిషం' పోవడానికి హువాంగ్‌లియన్ నీళ్లు పట్టే ఆచారం ఉండేది. అందులోని బెర్బరిన్, రక్తంలోని ఆల్బుమిన్‌కు అంటుకొని ఉన్న బిలిరుబిన్‌ను విడదీయగలదని ప్రయోగశాలలలో గమనించారు. పుట్టుకతో జీ-6-పీడీ అన్న ఎంజైము లోపం ఉన్న శిశువులలో కామెర్లు ముదిరి మెదడు దెబ్బతినే ప్రమాదం ఉందన్న భయంతో సింగపూర్ 1978లో బెర్బరిన్ గల ద్రవ్యాలను నిషేధించింది. కొత్త పరిశీలనల తరువాత ఇటీవలి కాలంలో ఆ నిషేధాన్ని దశలవారీగా సడలించింది. అయినా శిశువులకు ఇవ్వరాదన్న జాగ్రత్త నిలిచే ఉంది. ఆ ఎంజైము లోపం భారతదేశంలోనూ కనిపించేదే కనుక 'పసిపిల్లలకు చలువ' అన్న సలహాను ఇక్కడా అనుమానించాలి.

మనకు చిరపరిచితమైన నేలవేము (ఆండ్రోగ్రాఫిస్ పానిక్యులేటా) చైనాలో 'ఛువాన్‌షిన్‌లియన్'. గుండెను తొలిచే తామర అని అర్థం. దాని చేదును ఎరిగినవారికి ఆ పేరు అతిశయోక్తి అనిపించదు. చైనా ప్రాచీన గ్రంథాలలో ప్రధానస్థానం లేని ఈ మొక్క 20వ శతాబ్దిలో విషహర శీతలౌషధంగా స్థిరపడింది. గొంతువాపుకు, జలుబుకు విరివిగా వాడతారు. దీనివల్ల కొందరిలో తీవ్రమైన అలర్జీ ప్రతిచర్యలు కలుగుతున్నాయని ఆస్ట్రేలియా ఔషధ నియంత్రణ సంస్థ 2015లో హెచ్చరించింది. గర్భిణులు దీనికి దూరంగా ఉండాలి.

'ఛింగ్‌దాయ్' అంటే నీలిమందు. మన నీలిచెట్టు వేరు, వారు వాడే మొక్కలు వేరు. తీసే పద్ధతి, వచ్చే రంగు మాత్రం ఒకటే. పెద్దపేగు పుండ్లకు దీనిని సొంతంగా వాడినవారిలో ఊపిరితిత్తుల ధమనులలో రక్తపోటు పెరగడాన్ని గమనించి జపాన్ ఆరోగ్యశాఖ 2016లో హెచ్చరిక జారీచేసింది. ఫార్మకోపియా మోతాదు 1–3 గ్రాములే అయినా నెలల తరబడి వాడితే ఏమవుతుందో ప్రాచీనులు పరీక్షించలేదు.

మందును ఇచ్చే మార్గం మారినా భద్రత మారుతుంది. యుషింగ్‌త్సావ్ అన్న ఆకును నైరుతి చైనాలో కూరగా తింటారు. దాని ఇంజెక్షన్లు ప్రాణాంతకమైన అలర్జీలు కలిగించడంతో 2006లో చైనా ప్రభుత్వం వాటిని నిలిపివేసింది. మందు పేరు కూడా పక్కదారి పట్టించవచ్చు. కోవిడ్ కాలంలో ప్రపంచమంతటా వినిపించిన 'ల్యెన్‌హువా ఛింగ్‌వెన్' గుళికల పేరులో ఉష్ణహరణమే ఉన్నా, ద్రవ్యాలలో ఉష్ణగుణం గల మాహువాంగ్ (ఎఫెడ్రా) ఉంది. రక్తపోటు, గుండెజబ్బు ఉన్నవారికి అది హానికరం.

8. ల్యాంగ్‌ఛా: చలువకు దగ్గరగా

తెలుగు 'చలువ'కు చైనాలో నిజమైన సాటి వైద్యగ్రంథాలలో కాక గ్వాంగ్‌డోంగ్, హాంకాంగ్, మకావు వీధులలో దొరుకుతుంది. అక్కడ 'ల్యాంగ్‌ఛా', అంటే చలువటీ అమ్ముతారు. పేరుకు టీయే గాని చాలావాటిలో తేయాకు ఉండదు. జిన్‌యిన్‌హువా, చామంతి, షియాకుత్సావ్ వంటివి కాచిన కషాయాలవి. 'ఇరవైనాలుగు రుచులు' అన్న పేరుగలది బాగా చేదు. ఉక్కతో, తేమతో నిండిన ఆ నేలలో పుట్టిన ఈ అలవాటును చైనా 2006లో జాతీయ అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

'ల్యాంగ్' పరిధిలోని ఈ పానీయాల విషయంలోనూ అక్కడి పెద్దలు పాటించే నియమాలు షాంగ్‌హాన్‌లున్ నాటి గార్డీనియా నిషేధానికి దూరపు చుట్టాలే. బహిష్టులో ఉన్నవారు, గర్భిణులు, బాలింతలు, కడుపు నీరసించినవారు తాగరాదంటారు. శీతాకాలంలో తగ్గిస్తారు. ఖాళీకడుపున తాగరు. షాంగ్‌హువొ తగ్గగానే ఆపేస్తారు. ప్రభుత్వ పరంగా చైనా ఆరోగ్యశాఖ ఆహారంగానూ ఔషధంగానూ వాడదగిన ద్రవ్యాల జాబితాను 2002లో ప్రకటించింది. జిన్‌యిన్‌హువా, చామంతి, పుదీనా, యుషింగ్‌త్సావ్, గార్డీనియా అందులో ఉన్నాయి. హువాంగ్‌లియన్, జిప్సం, లోంగ్‌దాన్ లేవు. అమెరికాలోనూ, సింగపూర్‌లోనూ చైనా దుకాణాల పక్కనే నివసిస్తున్న తెలుగువారికి ఈ రెండు వర్గాలూ ఒకే అరమీద, ఒకే రంగు పొట్లాలలో కనిపిస్తాయి. వార్ఫరిన్ వంటి రక్తాన్ని పలుచబరచే మందు, మధుమేహపు మందు, అవయవమార్పిడి తరువాత వాడే మందు తీసుకొంటున్నవారు మొదటి వర్గాన్నయినా వైద్యునికి చెప్పే వాడాలి. రెండవ వర్గానికి, నాలుక చూసి, నాడి పట్టి, విరేచనం ఎట్లా అవుతున్నదని అడిగే శిక్షితుడైన వైద్యుని చీటీ అవసరం.